మామయ్య మేకు

ముందే చెప్తున్నా, నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో అందరికీ తెలుసు, క్లబ్బులో అందరికీ తెలుసు. ఈ కథలో నేను అరిచినట్టు ఎక్కడైనా అనిపిస్తే నిజంగానే అరిచాననుకోండి, మొహమాటం లేదు.

వారమంతా బస్సులకీ కార్లకీ సీటు కవర్లు కుడతాను. సెలవు రోజుల్లో గ్లైడర్ నడుపుతాను. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం, అంతే. మా మైదానం ఆ చివర లారీ ఇంజనుకి బిగించిన పెద్ద చక్రం ఒకటుంటుంది, దాన్ని విన్చి అంటాం. అది కిలోమీటరు పొడవు తాడుని గిరగిరా చుట్టేస్తుంటే ఈ చివరున్న గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. నాలుగొందల మీటర్ల ఎత్తులో తాడు వదిలేస్తాం. అక్కణ్ణించి మన తిప్పలు మనవే. నేల వేడెక్కినచోట గాలి పైకి లేస్తుంది, దాన్ని థర్మల్ అంటారు. దాన్ని వెతికి పట్టుకుని, అందులోనే గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించుకోవాలి. దొరక్కపోతే నోరు మూసుకుని దిగాలి.

ఆ విన్చి నడిపేది మా ఆయన. నిచ్చెన మూడో మెట్టెక్కితే కళ్లు తిరిగే మనిషి. పెళ్లాన్నీ తండ్రినీ ఆకాశంలోకి విసిరేసి తను మాత్రం కింద కూర్చుని గోళ్లు కొరుక్కుంటాడు.

తండ్రి అంటే మా మామయ్య. వాచీలు బాగుచేసే పని ఆయనది. నలభై ఏళ్లుగా మా క్లబ్బుకి గురువు కూడా ఆయనే. రెండు సీట్ల గ్లైడర్‌లో నేర్చుకునేవాళ్లు ముందు, నేర్పేవాళ్లు వెనక కూర్చుంటారు. ఇద్దరికీ చెరో స్టిక్, అంటే గ్లైడర్‌ని వాల్చి తిప్పే కర్ర. రెండూ లోపల ఒకదానికొకటి కలిసే ఉంటాయి, ఇది కదిలితే అదీ కదుల్తుంది. అలా వెనక సీట్లో కూర్చుని, ముందున్న తలకాయల మీద అరుస్తూ ఆయన సగం ఊరికి ఎగరడం నేర్పారు. నాకూ నేర్పారు. ఇంట్లో 'అమ్మాయ్, అన్నం తిన్నావా' అని అడిగే మనిషి, పైకెక్కగానే 'అమ్మాయ్, నీ బుర్ర కిందే మర్చిపోయి వచ్చావా' అనేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదనుకోండి.

మేమంతా నేర్చుకుంది గంప మీద. అది మా పాత గ్లైడర్ ముద్దుపేరు. చెక్కా గుడ్డా కలిపి కట్టిన బండి, గుడ్డ చిరిగినప్పుడల్లా కుట్టేది నేనే. గంపలో గాలి హోరుకి మాట వినపడి చావదు. అందుకని మామయ్య తట్టు కనిపెట్టారు. పక్క గోడ మీద ఒక్క తట్టు తడితే 'ఇక నాది' అని అర్థం. ఎవరు తట్టినా సరే, రెండోవాళ్లు ఆ క్షణమే స్టిక్ మీంచి చెయ్యీ, పెడళ్ల మీంచి కాళ్లూ తీసెయ్యాలి. కిక్కురుమనకూడదు. ఎందుకు, ఏమిటి అని అడిగారో, ఆ రోజుకి వాళ్ల ఎగురుడు బంద్. ఇంట్లో కూడా అంతే, టీవీ రిమోట్ కావాలంటే బల్ల మీద ఒక్క తట్టు తడతారు. మా ఆయన కిక్కురుమనకుండా ఇచ్చేస్తాడు.

ఇంకోటి ఉంది, చేతులెత్తు పరీక్ష. ఒంటరిగా ఎగరనిచ్చే ముందు మామయ్య ప్రతి ఒక్కరికీ పెట్టేది. థర్మల్లో చక్కగా చుట్టు పెట్టించి, వెనక నుంచి 'చేతులెత్తు' అని గంప అదిరేలా అరుస్తారు. రెండు చేతులూ తల మీదకి ఎత్తెయ్యాలి. గ్లైడర్ తనంతట తను రెండు చుట్లు ఒంకర పోకుండా తిరిగితే పాసు. ముక్కు కిందికి వాలినా, రెక్క పక్కకి ఒరిగినా ఫెయిలు. నేను మూడుసార్లు ఫెయిలయ్యాను. మూడోసారి దిగాక ఏడుపూ కోపం కలిసొచ్చి, 'అసలు చేతులు తీసేస్తే అది నడపడం ఎలా అవుతుంది మామయ్యా' అని పోట్లాటకి దిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నింపాదిగా అన్నారు, 'పట్టుకుని తిప్పడం ఎవడైనా తిప్పుతాడు అమ్మాయ్. చేతులెత్తాక తిరిగే చుట్టే నీది.' నాకు అప్పుడు అర్థం కాలేదు. అయినట్టు తలాడించాను.

ఇక మేకుల సంగతి. క్లబ్బు గదిలో టీ పొయ్యి పైన ఒక చెక్క ఉంటుంది, దాని మీద వరసగా మేకులు, మేకుకో కప్పు. చెక్క నెత్తిన మామయ్య చేతిరాత: 'సొంత చేత్తో మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ ఇదే మైదానంలో దిగినవారికి ఒక మేకు.' మేకు లేనివాళ్లంతా కింద అరలోని స్టీలు గ్లాసుల్లో తాగాలి. రూలు పెట్టింది ఆయనే. పదకొండు కప్పులు వేలాడుతున్నాయి, పదకొండుమందీ ఆయన శిష్యులే. పదకొండోది నాది. ఆయన మాత్రం నలభై ఏళ్లుగా స్టీలు గ్లాసులోనే తాగుతున్నారు.

ఎందుకంటారా? గంప దూరాలు పోదు. కొంచెం మంచి గ్లైడర్ ఏదొచ్చినా, మంచి ఎండ కాసిన రోజున ఎవరో ఒక శిష్యుడు వరసలో నిలబడి ఉండేవాడు. 'వాణ్ణి పోనీ, నేను రేపు పోతా' అనేవారు. ఆ రేపు నలభై ఏళ్లు వాయిదా పడింది. నా కప్పులో టీ తాగుతూ ఆయన గ్లాసు వంక చూసినప్పుడల్లా నాకు టీ దిగేది కాదు.

రెండేళ్ల కింద కొంగ వచ్చింది. అదీ రెండు సీట్లదే, కానీ గంపకీ దానికీ పోలికే లేదు. తెల్లగా, సన్నగా, ఈ రెక్క కొసనుంచి ఆ రెక్క కొసకి ఇరవై మీటర్లు. కిలోమీటరు ఎత్తునుంచి వదిలితే నలభై కిలోమీటర్లు జారుకుంటూ పోతుంది. లోపల చప్పుడుండదు, గుసగుసలాడినా వినిపిస్తుంది. దాని సీట్లు నేనే కుట్టాను, మందపాటి గుడ్డ మీద గళ్లు గళ్లుగా, లావు దారంతో. కొంగ వచ్చిన రోజే నేనొక కప్పు కొని కుట్టుమిషన్ సొరుగులో దాచాను. మామయ్యకని. ఎవరికీ చెప్పలేదు.

చూస్తుండగానే మామయ్య ఎడమ కన్ను మసకబారింది, డాక్టరు దాని మీద పడ్డాడు. మొదట, ఒంటరిగా ఎగరకూడదని షరతు. ఈ ఏడాది, పైలట్లకిచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ గడువు తీరాక ఇక ఇవ్వనని చెప్పేశాడు. గడువు తీరేది శనివారంతో. ఆ తర్వాత మామయ్య ఎవరి వెనకో కూర్చుని చూడ్డానికి పోవచ్చు గానీ, తనే నడుపుతున్నానని రాసుకోవడానికి లేదు.

శనివారానికి ముందు మూడు రోజులు ఒకటే వాన. నేను కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. శనివారం పొద్దున్న లేచి కిటికీ తీస్తే, కడిగిన పళ్లెంలా ఉంది ఆకాశం. తొమ్మిదికల్లా దూది మబ్బులు, అడుగు చదునుగా కోసినట్టు, వరసగా లేచాయి. అలాంటి మబ్బు కింద థర్మల్ ఉన్నట్టే లెక్క. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. సొరుగులోంచి కప్పు తీసి సంచీలో పెట్టుకున్నాను.

మామయ్య క్లబ్బులో గంపకి నూనె పెడుతున్నారు. శిష్యులు ముగ్గురొస్తారట, నేర్పాలట.

"మామయ్యా, ఇవాళ మీరు కొంగ ఎక్కుతున్నారు. ముందు సీట్లో. నేను వెనక."

"పిల్లలు వస్తున్నారు కదమ్మా. మనం..."

"రేపు అన్నారంటే నేనూరుకోను. మీకు రేపు లేదు."

అలా అనకుండా ఉండాల్సింది. కానీ అన్న మాట నిజం. ఆయన నూనె డబ్బా మూత పెట్టి, కాసేపు మబ్బుల వంక చూసి, "నువ్వు స్టిక్ ముట్టుకోకూడదు మరి," అన్నారు. "ఒక్కసారి ముట్టుకున్నా మేకు లేనట్టే."

"నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటా. సరేనా?"

"నీ నోరు?"

"దాని గురించి నేను మాటివ్వలేను."

మా క్లబ్బు కార్యదర్శి పళ్ల డాక్టరు. ఆయన దారి రాసిచ్చాడు: ఇక్కణ్ణించి రెండు నదులు కలిసేచోటి వంతెన, అక్కణ్ణించి సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం, మళ్లీ ఇల్లు. మొత్తం మూడువందల ఎనిమిది కిలోమీటర్లు. దారంతా గీతలా రాసుకునే చిన్న పెట్టె కొంగలో బిగించి, "మాస్టారూ, సుత్తి దగ్గర పెట్టుకుంటాను," అన్నాడు. పళ్ల డాక్టరు మేకు కూడా మామయ్య చేతుల మీదుగా వచ్చిందే.

మామయ్య ముందు సీట్లో కూర్చుని అటూ ఇటూ చూశారు. "ఇదేమిటి, ముందర ఎవరి తలా లేదు," అన్నారు. "ఎవర్ని తిట్టాలి?"

తాడు బిగిసింది. ఆ చివర మా ఆయన మీట నొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది, నేల జారిపోయింది, ముక్కు ఆకాశంలోకి నిక్కింది. ఎన్నిసార్లు ఎక్కినా నాకు ఆ క్షణంలో నవ్వాగదు. పైన తాడు వదిలిన టక్కుమన్న శబ్దం, తర్వాత ఆ నిశ్శబ్దం. నేను చేతులు రెండూ తొడల కింద పెట్టేసుకున్నాను. అరచేతులు నేను కుట్టిన గళ్ల మీద.

పెంకుల ఫ్యాక్టరీ మీద మొదటి థర్మల్ దొరికింది. వేరియో అని ఒక పరికరం ఉంటుంది, పైకి పోతుంటే కీచుమంటుంది, కిందికి పోతుంటే మూలుగుతుంది. అది ఒకటే కీచు. మామయ్య రెక్క వాల్చి చుట్టు పెట్టారు. పదినిమిషాల్లో పదహారొందల మీటర్లు. మా మైదానం రుమాలంత కనిపిస్తోంది.

"పోదామా?" అన్నారు. గొంతు కొంచెం వణికింది.

"ఇంకా అడుగుతున్నారా?"

వంతెన వైపు ముక్కు తిప్పారు. నలభై ఏళ్లలో ఆయన మైదానం కనుచూపు దాటడం అదే మొదటిసారి. మబ్బు కింద మబ్బు, ఒకదాన్నుంచి ఒకదానికి, ఎక్కడా ఆగి తిరగక్కర్లేకుండానే కొంగ దూసుకుపోతోంది. ఊళ్లు, చెరువులు, రైలుపట్టాలు కింద నుంచి వెనక్కి పోతున్నాయి. మామయ్య మాట్లాడ్డం మొదలెట్టారు. అదిగో గద్దలు తిరుగుతున్నాయి, అక్కడ థర్మల్ ఉంది. అదిగో ఆ రైలు, దాన్ని దాటేశాం చూడు. ఇదిగో వంతెన, అమ్మాయ్, వంతెన. నా దుకాణంలో గడియారం ముళ్లలా నేను కూర్చున్నచోటే తిరిగాను ఇన్నాళ్లూ, అన్నారు. వెనక కూర్చున్న నాకు ఆయన మెడ, టోపీ తప్ప ఏం కనిపించదు. కానీ ఆ మెడ చూస్తే చాలు, మనిషి ఎంత సంబరంలో ఉన్నాడో తెలిసిపోతోంది.

ఫ్యాక్టరీ గొట్టం దాటేసరికి మధ్యాహ్నం రెండున్నర. రెండువందల పది కిలోమీటర్లు అయ్యాయి. ఇక ఇంటిదారే. నేను లోపల్లోపలే సంచీలోంచి కప్పు తీస్తున్నాను.

సరిగ్గా అప్పుడే పడమటి నుంచి పైమబ్బు ఒకటి పలచగా కమ్ముకుంటూ వచ్చింది. ఎండ మాసిపోయింది. నేల చల్లబడితే థర్మల్ ఉండదు. దూది మబ్బులు ఒక్కొక్కటే చిరిగి మాయమైపోయాయి. మేం జారుతున్నాం. వెయ్యి మీటర్లు. ఎనిమిదొందలు. వేరియో మూలుగుతూనే ఉంది. రేడియోలో మా ఆయన, "నాన్నా, ఎక్కడున్నారు?" అని.

"నీ దగ్గర లేం, నువ్వు నోర్మూసుకో," అన్నాను నేను, రేడియో మీట నొక్కకుండానే.

ఇల్లింకా ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఎత్తు మూడువందల యాభై. నేను ఆకాశాన్ని మళ్లీ తిట్టడం మొదలెట్టాను. మామయ్య మాత్రం మామూలుగా, "అదిగో ఆ రోడ్డు పక్కన కోసేసిన చేను. ఏం దొరక్కపోతే అందులో దిగుదాం. గాలి ఎదురుగా ఉంది, ఫర్వాలేదు," అన్నారు. ఆయన గొంతులో వణుకు లేదు. వాచీలో ముల్లు సరిచేసేటప్పటి గొంతు అది.

చేను పక్కనే బస్సు డిపో. నేను కవర్లు కుట్టిన బస్సులే, రేకు పైకప్పులు, నల్లటి తారు నేల, పొద్దుణ్ణించీ ఎండ తాగి ఉంది. కొంగ దాని మీదికి రాగానే ఎడమ రెక్క ఎవరో కింద నుంచి తట్టినట్టు లేచింది. మామయ్య చటుక్కున అటే వాల్చారు. ఒక చుట్టు. వేరియో మూలిగింది, ఆగింది, చిన్నగా కీచుమంది. ఇంకో చుట్టు, కొంచెం జరిపి. కీచు నిలబడింది. బలహీనమైన థర్మల్, కోపం తెచ్చుకుంటే పోయేలా ఉంది. అంతలో గాలి ఒక్క కుదుపు కుదిపింది. నా మోకాళ్ల మధ్య ఉన్న నీళ్ల సీసా జారి పక్క గోడకి ఠక్కున తగిలి కింద పడింది. పడితే పడనీ అనుకున్నా. నా కళ్లన్నీ ఎత్తు మీటరు మీదే ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది నేను బతికినంత కాలం మర్చిపోను.

నా మోకాళ్ల ముందు వెనక స్టిక్ ఉంది కదా. అది కదలడం మానేసింది. గాలి ఊపినప్పుడు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ, అంతే. కొంగ మాత్రం రెక్క ఒకేలా వాల్చి, ఒకే వేగంతో తిరుగుతోంది. ముందు అద్దం మీద నేనతికించిన ఊలు దారం ముక్క, గ్లైడర్ ఏమాత్రం పక్కకి జారినా ఒంకరపోయేది, నిటారుగా నిలబడిపోయింది. నాలుగొందలు. నాలుగొందల యాభై. మామయ్య చెయ్యంటే ఇదీ అనుకున్నాను. పీకల మీదికొచ్చినప్పుడు కూడా స్టిక్‌ని ఇంత మెత్తగా పట్టుకోగల మనిషిని స్టీలు గ్లాసులో తాగనిచ్చామే ఇన్నేళ్లూ అని నా మీద నాకే కోపమొచ్చింది. ఎనిమిది చుట్లు లెక్కపెట్టాను. ఆయన ఉలుకూ పలుకూ లేదు. నేను కూడా, నమ్మండి, ఒక్క మాట మాట్లాడలేదు.

ఆరొందల మీటర్ల దగ్గర థర్మల్ బలం పుంజుకుంది. మామయ్య గోడ మీద ఒక్క తట్టు తట్టారు. ముల్లు ఇరుక్కుంటే ఏ పరికరాన్నైనా తట్టే అలవాటు ఆయనకి, అదే అనుకున్నాను. స్టిక్ మళ్లీ కదలడం మొదలైంది. ఇంకో పదిహేను చుట్లు తిరిగి పన్నెండొందల మీటర్లకి వెళ్లాం. ముక్కు ఇంటి వైపు తిప్పారు.

ఆఖరి జారుడు. ఒక్క చుట్టు లేదు, సూటిగా ముప్పై ఆరు కిలోమీటర్లు. మామయ్య ఏదో కూనిరాగం తీస్తున్నారు. తేలిగ్గా, ఏ బెంగా లేకుండా. "ఒక్కసారైనా వచ్చాం కదమ్మా, చాలు," అన్నారు. నాకు ఆ 'చాలు' ఎందుకో కొత్తగా వినిపించింది, కానీ పట్టించుకోలేదు. మైదానం కంచె మీదుగా ఎనభై మీటర్ల ఎత్తులో దూరి, ఒక్క మలుపు తిరిగి, పచ్చిక మీద చక్రం ఆనింది. నాలుగూ పది. నేను చేతులు తొడల కింద నుంచి తీస్తే తిమ్మిరెక్కి నావి కావనిపించాయి.

మా ఆయన పరిగెత్తుకొచ్చాడు, వెనక మిగతావాళ్లు. పళ్ల డాక్టరు చేతిలో నిజంగానే సుత్తి ఉంది, నోట్లో మేకు. మామయ్య నెమ్మదిగా దిగి, కొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడ్డారు.

"మేకు వద్దు. అది లోపల పెట్టెయ్."

"అదేంటి మాస్టారూ?"

"బస్సు డిపో మీద అమ్మాయి స్టిక్ పట్టుకుంది. తప్పు పట్టట్లేదు. పట్టుకోకపోయుంటే మేం చేలో ఉండేవాళ్లం." నా వైపు తిరిగారు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఎనిమిది చుట్లు. నలభై ఏళ్లలో అలాంటి చుట్లు నేను చూడలేదు. స్టిక్ కదలనే లేదు. మూడుసార్లు ఫెయిలైన పిల్లేనా ఇది అనుకున్నా. నాకు మేకు రాకపోతేనేం, ఇవాళ నా చదువు చెప్పడం పూర్తయింది."

నాకు ఒక్క నిమిషం ఏం అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను పట్టుకోవడమేంటి? నడిపింది మీరు."

"తట్టావు కదమ్మా. ఠక్కున. తట్టగానే నేను చేతులూ కాళ్లూ తీసేశా."

"అది నీళ్ల సీసా, మామయ్యా. నా మోకాళ్ల మధ్య నుంచి పడింది."

మామయ్య నవ్వి తల అడ్డంగా ఊపారు. "నా కోసం అబద్ధాలాడకు. నేను మళ్లీ తట్టేదాకా నీ దగ్గరే ఉంది."

అబద్ధాలట. నేను. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు అరచేతులూ తీసుకెళ్లి ఆయన ముఖం ముందు పెట్టాను. "చూడండి. వాచీలు చూసే కళ్లేగా. సరిగ్గా చూడండి."

అరచేతుల నిండా గళ్లు. నేను సీటుకి వేసిన కుట్టే, లావు దారంతో సహా, వేళ్ల దాకా ఎర్రగా అచ్చుపడి ఉంది. ఒక్క చోట చెదరలేదు. అయిదు గంటలు కదలకుండా కూర్చుంటే తప్ప అలా పడదు. మామయ్య కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మంచి కన్ను దగ్గరకి తెచ్చుకుని, ఒక చేతి తర్వాత ఒకటి చూశారు. చాలాసేపు చూశారు. నా చేతులు వదల్లేదు.

"మరైతే నడిపిందెవరు?" అన్నాడు మా ఆయన. పాపం, అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాకు అప్పుడు తెలిసొచ్చింది. చేను పైన, మూడువందల యాభై మీటర్ల ఎత్తులో, ఆయన నన్ను నమ్ముకుని చేతులు కట్టుకున్నారు, నేను ఆయన్ని నమ్ముకుని చేతుల మీద కూర్చున్నాను. ఇద్దరం ఒకరు నడపడం చూసి ఒకరం మురిసిపోతున్నాం. కొంగని ఎవరూ పట్టుకోలేదు.

పళ్ల డాక్టరు పెట్టె విప్పి, క్లబ్బు గదిలోకి తీసుకెళ్లి కంప్యూటర్‌కి తగిలించాడు. తెర మీద మా దారి గీత వచ్చింది. డిపో దగ్గర పెద్దది చేసి చూపించాడు. మిగతా చుట్లన్నీ బంగాళాదుంపల్లా ఉన్నాయి. ఆ ఎనిమిదీ మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజుల్లా, ఒకటే సైజు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. రెండువందల యాభై మీటర్లు.

"అయితే ఎవరిదీ కాదు," అన్నారు మామయ్య. గొంతు మామూలైపోయింది, గురువు గొంతు. "సొంత చేత్తో అని రాశాను. ఆ మూడు నిమిషాలు నా చెయ్యి లేదు. రూలు రూలే. పదండి, టీ తాగుదాం." అని అర దగ్గరకి వెళ్లి స్టీలు గ్లాసు అందుకున్నారు.

నేను వెళ్లి ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను. మామగారి చేతిలోంచి గ్లాసు లాక్కోవడం తప్పే. నాకు ఆ సమయంలో ఒప్పనిపించింది.

"ఒక్క మాట చెప్పి తాగండి. ఒక శిష్యుడున్నాడు. థర్మల్ వెతికి, తనే రెక్క వాల్చి, తనే చుట్టు సరిచేశాడు. తర్వాత రెండు చేతులూ తీసేశాడు. గ్లైడర్ ఒంకరపోకుండా రెండు కాదు, ఎనిమిది చుట్లు తిరిగింది. గురువుగారు ఏం మార్కులేస్తారు?"

ఆయన నా వంక చూశారు.

"నన్ను మూడుసార్లు ఫెయిల్ చేశారు. చేతులెత్తాక తిరిగే చుట్టే నీది అన్నారు. అందరికీ అదే చెప్పారు, ఇక్కడున్న అందరూ సాక్షులే. ఇప్పుడు చెప్పండి, ఆ చుట్లు ఎవరివి? పాసా, ఫెయిలా?"

మామయ్య తెర మీది గాజుల వంక చూశారు. చెక్క మీద తన చేతిరాత వంక చూశారు. ఎడమ కన్ను కొంచెం చికిలించి, తెర దగ్గరకి వెళ్లి, ఎనిమిది చుట్లనీ ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టారు. ఎక్కడైనా ఒంకర దొరుకుతుందేమోనని వెతికారని నాకు తెలుసు. అది దొరికుంటే తనని తానే ఫెయిల్ చేసుకునేవారు, అనుమానం లేదు.

"పాసు," అన్నారు.

నా కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి, దాచుకోలేదు. పళ్ల డాక్టరు సుత్తి నాకిచ్చాడు. కంగారులో మేకు ఒంకరగా కొట్టాను. మామయ్య చూస్తూ ఊరుకుంటారా, "పక్కకి జరుగు," అని ఆ మేకు పీకేసి, తిన్నగా చేసి, తనే నాలుగు దెబ్బల్లో దిగ్గొట్టారు. నా సంచీలో చుట్టి తెచ్చిన కప్పు తీసిస్తే, "ఇదెప్పటిది?" అన్నారు. రెండేళ్లదని చెప్పాను. మా ఆయన టీ పోశాడు.

అందరూ నిలబడే తాగారు. ఎవరేం మాట్లాడుకున్నారో గుర్తులేదు, అందరూ ఒకేసారి మాట్లాడారు. తాగాక మామయ్య కప్పు కడిగి, తుడిచి, అలవాటు చొప్పున కింద అర దగ్గరకి వెళ్లి స్టీలు గ్లాసుల పక్కన పెట్టేశారు. పెట్టి రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి వెళ్లి కప్పు తీసుకుని, పొయ్యి పైన చెక్క దగ్గరకి వచ్చి, పన్నెండో మేకుకి తగిలించారు.